పాపను అడగని ప్రశ్నలు: ఒక పీహెచ్‌సీ డాక్టరుగా నా అనుభవం

ఆ రోజు ఓపీ గదిలో బల్ల మీద సెలైన్ సీసాకు ఫోను ఆనించి పెట్టాను. అందులోంచి, నేను చేరిన పిల్లల మానసిక ఆరోగ్య శిక్షణలో మా మెంటార్, నేను పేషెంటును చూసే తీరు గమనిస్తున్నారు. అవ్వకు ముందే చెప్పి ఒప్పించాను. స్టూలు మీద పదకొండేళ్ళ పాప, పక్కన నిలబడి అవ్వ.

"మళ్ళా కడుపు నొస్తాండాది మేడం" అంది అవ్వ.

ఎప్పటిలాగే మొదలుపెట్టాను. ఎప్పట్నుంచి? అన్నం తింటోందా? వాంతులున్నాయా? విరేచనం ఎట్లా అవుతోంది? పురుగుల మాత్ర వేశారా? పడుకోబెట్టి కడుపు నొక్కి చూశాను. చీటీ రాశాను. ఆరు నిమిషాల్లో అయిపోయింది.

వాళ్ళు వెళ్ళాక ఫోను చేతిలోకి తీసుకున్నాను. మెంటార్ కాగితం మీద గీతలు గీసుకుంటూ లెక్కపెట్టారట. "మీరు 24 ప్రశ్నలు అడిగారు. అందులో 23 అవ్వను. పాపను అడిగింది ఒక్కటే, పేరేమిటని. దానికీ అవ్వే జవాబు చెప్పింది" అన్నారు. మామూలుగానే అన్నారు, తప్పుపట్టినట్టు కాదు. నాకు మాత్రం ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు. ఆ పాపను అప్పటికి సంవత్సరం నుంచి చూస్తున్నాను.

నాది గుంటూరు వైపు. 2019 నుంచి రాయచోటి వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. రోజుకు 70, 80 మంది ఓపీ. బీపీ, షుగరు, జ్వరాలు, గర్భిణులు, టీకాలు, మధ్యలో మీటింగులు, ఆన్‌లైన్ ఎంట్రీలు. పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణకు ఎందుకు చేరానో, చేరాక ఏమైందో రాయాలనిపించింది. పిల్లలెవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

చేరడానికి కారణం వేరే పిల్లాడు. నేను వచ్చిన ఏడాదే అంగన్‌వాడీ టీచర్ వెంటబెట్టుకొచ్చింది. రెండున్నరేళ్ళు, ఇంకా మాటలు రాలేదు. పిలిస్తే చూడటం లేదని తల్లి చెప్పింది. "మగపిల్లలకు మాటలు కొంచెం ఆలస్యమేనమ్మా, మూడేళ్ళు దాటనీ, చూద్దాం" అని టానిక్ రాసి పంపాను. మా మేనమామకు నాలుగేళ్ళకు గానీ మాటలు రాలేదని మా అమ్మమ్మ చెప్పేది. చదివిన వైద్యం కాదు, విన్న కబురు ఆ రోజు నా చేత మాట్లాడించింది. తర్వాత కరోనా వచ్చిపడింది. 2022 మొదట్లో ఆ తల్లి మళ్ళీ వచ్చింది, చేతిలో ఫైలుతో. తిరుపతిలో చూపించారు, ఆటిజం అన్నారు. సదరం సర్టిఫికెట్ కోసం కాగితాలేం కావాలో అడగడానికి వచ్చింది. నేను ఏదో చెప్పబోయాను. "మీరు చూద్దామన్యారు గదా మేడం, చూసినాం" అంది. దెప్పిపొడవడం కాదు, ఆమె నిజంగా నా మాట మీద ఎదురుచూసింది. రెండున్నరేళ్ళు.

ఎంబీబీఎస్‌లో మాకు సైకియాట్రీ పోస్టింగు రెండు వారాలు. దానికి విడిగా పేపరు లేదు, మెడిసిన్ పేపర్లో ఒక చిన్న ప్రశ్న వస్తే వచ్చినట్టు. ఆ రెండు వారాల్లో ఒక్క పిల్లనైనా చూసిన గుర్తు లేదు. ఇంటర్న్‌షిప్ తర్వాత ఒకసారి రెండు రోజుల వర్క్‌షాపుకు వెళ్ళాను. బ్యాగు, ఫైలు, స్లైడ్లు, భోజనం, సర్టిఫికెట్. తిరిగొచ్చి సోమవారం ఓపీలో కూర్చుంటే అందులో పనికొచ్చిన మాట ఒక్కటీ నోటికి రాలేదు.

ఈసారి పద్ధతి వేరు. వారానికొకసారి, గురువారం మధ్యాహ్నం గంటన్నర చొప్పున ఆరు నెలలు. బుధ, శనివారాలు మాకు టీకాలు కాబట్టి గురువారం పెట్టించుకున్నాం. మొదటి ఇరవై నిమిషాలు పాఠం, మిగతా సమయమంతా కేసులే. ఆ వారం చూసిన పిల్లల్లో ఒకరి సంగతి, పేరు లేకుండా, ఎవరో ఒక డాక్టరు చెప్పాలి. మిగతా డాక్టర్లు ముందు మాట్లాడతారు, నిపుణులు చివర్లో. 2003లో అమెరికాలోని న్యూమెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా హెపటైటిస్ సి వైద్యం పల్లెల్లోని డాక్టర్లకు నేర్పడానికి ఈ పద్ధతి మొదలుపెట్టారు. ఎకో అంటారు. పేషెంటును ఊరు దాటించకుండా, స్పెషలిస్టుకు తెలిసినదాన్ని ఊరికి చేర్చడం. మన దేశంలో మానసిక వైద్యానికి బెంగళూరు నిమ్హాన్స్ దీన్ని అందిపుచ్చుకుంది. దీనికి తోడు, నేను ఓపీ చూస్తుండగా మెంటార్ ఫోన్లో చూసే కార్యక్రమం నెలకు రెండుసార్లు. 24 ప్రశ్నల లెక్క అలా తేలింది.

మొదటి క్లాసులో ఒక అంకె చూపించారు. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండూ లేవు. అయినా ఆ రాత్రి మా హైస్కూలు పిల్లల సంఖ్య వేసి గుణించుకున్నాను. ఆ లెక్కన పదుల్లో పిల్లలు ఉండాలి. మూడేళ్ళలో నా రిజిస్టర్లో అలాంటి పేరు ఒక్కటి లేదు. వాళ్ళు రాలేదని కాదు. కడుపునొప్పి, తలనొప్పి, నీరసం, నిద్రలో పక్క తడపడం అనే పేర్లతో వచ్చి, టానిక్కులు తీసుకుని వెళ్ళిపోయారు.

పాఠాలు ఇంగ్లీషులో జరిగేవి. మొదటి నెల నాకు అక్కడే ఎదురుదెబ్బ తగిలింది. చెప్పేది అర్థమవుతోంది, నా ఓపీలో మాత్రం ఎవరూ ఆ మాటలు మాట్లాడరు. మా దగ్గర పిల్ల "దడుసుకునింది". "దిగులు పెట్టుకునింది". "మొండికేస్తాంది". "గాలి సోకింది". కోస్తాలో మేం బెంగ అనే దాన్ని ఇక్కడ దిగులు అంటారు. "డిప్రెషన్ ఉందా" అంటే తల్లి నా మొహం చూస్తుంది. "దిగులు పెట్టుకుందా, దేనికి" అంటే చాలు, కుర్చీ ముందుకు జరుపుకుని చెబుతుంది. ఒక నోటు పుస్తకంలో తల్లులు వాడిన మాటలన్నీ ఎడమవైపు, ఆ మాట వెనకాల చివరికి ఏం తేలిందో కుడివైపు రాసుకోవడం మొదలుపెట్టాను. "మొండి" అనే మాటకు ఎదురుగా ఇప్పటికి ఇవి ఉన్నాయి: ఒకడికి చెవులు సరిగ్గా వినపడవు, ఒకడు ఒక్కచోట నిమిషం నిలవలేడు, ఒకమ్మాయికి అక్షరాలు తలకిందులుగా కనిపిస్తున్నట్టు చదువు రాదు, ఒకడికి ఇంట్లో తండ్రి దెబ్బలు, ఇంకొకడు పొద్దున ఏమీ తినకుండా బడికి పోతున్నాడు. ఆ పుస్తకం చూపిస్తే మెంటార్ ఆ వారం పాఠం ఆపేసి, మా అందరి చేతా ఇలాంటి మాటలే రాయించారు. కర్నూలు, ఆదిలాబాద్, శ్రీకాకుళం, ఒక్కో చోట ఒక్కో మాట.

తాయెత్తుల సంగతీ అక్కడే తేలింది. మొదట్లో ఎవరైనా కడప పెద్ద దర్గాకు తీసుకుపోయామనో, మంత్రం వేయించామనో చెబితే నా మొహం మారిపోయేది. అది చూశాక వాళ్ళు ఇంకేమీ చెప్పరు. "వెళ్ళొద్దనకండి. వెళ్ళి, ఇక్కడికీ రమ్మనండి" అన్నారు క్లాసులో. గొలుసులతో కట్టడం, కొట్టడం, వాతలు పెట్టడం ఉంటే మాత్రం ఊరుకోకూడదని కూడా అన్నారు.

ఒక గురువారం నన్ను పిల్లగా ఉండమన్నారు. తెర మీద ఇద్దరు డాక్టర్లు, ఒకరు తల్లి, ఒకరు డాక్టరు. నేను మాట్లాడకూడదు, అడిగితేనే మాట్లాడాలి. "మార్కులు తగ్గిపోయాయండీ, ఏదీ తినదు, అబద్ధాలు ఎక్కువయ్యాయి" అంటోంది తల్లి. డాక్టరు తల ఊపుతూ రాసుకుంటున్నాడు. నాటకమని తెలుసు. అయినా నాలుగో నిమిషానికి నా గొంతులో ఏదో అడ్డుపడింది. నన్ను ఎవరూ అడగలేదు. ముప్పై నాలుగేళ్ళ డాక్టర్ని, నా గదిలో నా కుర్చీలో కూర్చుని ఉన్నాను. మరి స్టూలు మీద ఆ పాప?

తర్వాతి వారం ఆ పాపను మధ్యాహ్నం ఓపీ అయిపోయాక రమ్మన్నాను. అంతకుముందు పాత రిజిస్టర్లు తీసి ఆమె పేరు వెతికాను. ఏడాదిలో తొమ్మిదిసార్లు వచ్చింది. అందులో ఏడు శనివారాలు. టీకాల రద్దీలో ఎప్పుడూ గమనించలేదు.

అవ్వతో ముందు మాట్లాడి, "కాసేపు పాపతో ఒక్కదాన్నే మాట్లాడతాను, సిస్టర్ వాకిట్లోనే ఉంటుంది" అని చెప్పాను. తలుపు తీసే ఉంచాం. నా కుర్చీ వదిలేసి ఇంకో స్టూలు మీద కూర్చున్నాను. నీ బాధేంటి అని అడగొద్దని నేర్పారు. "నిన్న పొద్దున లేచిన కాడి నుంచి ఏమేం చేశావో చెప్పు" అన్నాను. కోళ్ళను వదిలింది. నీళ్ళు పట్టింది. తమ్ముడికి తల దువ్వింది, వాడు దువ్వించుకోడు, పరిగెత్తుతాడు. ఇక్కడ కొంచెం నవ్వింది. బడి. సాయంత్రం. "శుక్రవారం కూడా ఇంతేనా?" అన్నాను. చున్నీ కొస వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టి. నాకు నోరు ఊరుకోదు, ఏదో ఒకటి అడిగేయాలనిపిస్తుంది. పది వరకు లెక్కపెట్టుకోమన్నారు మెంటార్. లెక్కపెట్టాను. అయిపోయాక మళ్ళీ మొదలుపెట్టాను.

"శుక్రారం అమ్మ ఫోన్ చేస్తాది" అంది.

తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి రెండేళ్ళు. మా వైపు ఇది ప్రతి వీధిలో ఉంది. శుక్రవారం అక్కడ సెలవు, వీడియో కాల్ వస్తుంది. ఏడాది కిందట ఒక శుక్రవారం పాప ఒక్కతే ఫోనెత్తినప్పుడు తల్లి ఏడుస్తోంది. చెంప మీద ఏదో మచ్చలా కనిపించింది. "అవ్వకు, నాయినకు చెప్పగాకమ్మా" అని కట్ చేసింది. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం తల్లి "బాగుండావా" అంటుంది, పాప "బాగుండా" అంటుంది, రాత్రంతా నిద్ర ఉండదు, తెల్లారేసరికి కడుపు మెలిపెడుతుంది. నేను ఆ కడుపుకు నులిపురుగుల మాత్ర ఇచ్చాను, గ్యాస్ మాత్రలు ఇచ్చాను, రాయచోటిలో స్కానింగ్ తీయించుకు రమ్మన్నాను. వాళ్ళ డబ్బుతో.

రహస్యాల గురించి క్లాసులో ఒక పూట మొత్తం మాట్లాడుకున్నాం కాబట్టి తడబడలేదు. "ఇది ఎవరికి చెప్పాలో నువ్వూ నేనూ కలిసే అనుకుందాం. ఎవరికైనా ముప్పు ఉందనిపిస్తే మాత్రం నేను చెప్పక తప్పదు, నీకు చెప్పే చెబుతాను" అన్నాను. చాలాసేపు ఆలోచించి, "నాయినకు మీరే చెప్పండి. అవ్వ ఏడుస్తాది" అంది. మర్నాడు తండ్రి వచ్చాడు. టమాటా మార్కెట్‌కు ఆటో తోలతాడు. విని తల పట్టుకున్నాడు. ఆ సాయంత్రమే భార్యతో మాట్లాడాడు. పనిచేసే ఇల్లు మారాలనుకుంటోందని, భయపడి చెప్పలేదని తేలింది. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళ కోసం ఏపీఎన్‌ఆర్‌టీ హెల్ప్‌లైన్ ఉంటుందని తండ్రికి చెప్పాను. ఆ సంగతి వాళ్ళు చూసుకున్నారు, ఇల్లు మారింది. అవ్వతో నేను గట్టిగా చెప్పిన మాట ఒక్కటే: నొప్పి నిజం, నాటకం కాదు. మనసు దిగులు పడితే కడుపు నొస్తుంది, పరీక్షల్లో ఏమీ కనపడదు. శుక్రవారం రాత్రి అవ్వ పక్కనే పడుకోబెట్టుకోమన్నాను. ఏ మందూ రాయలేదు. తర్వాత నాలుగు నెలల్లో పాప రెండుసార్లే వచ్చింది. ఒకసారి నిజంగానే విరేచనాలు.

మందులు రాయకపోవడం కూడా నేర్పాల్సిన విద్యేనని నాకు అంతకుముందు తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాలాంటి మామూలు డాక్టర్ల కోసం తయారుచేసిన ఎంహెచ్‌గ్యాప్ మార్గదర్శిని మాకు పాఠ్యపుస్తకం. పన్నెండేళ్ళలోపు పిల్లలకు కుంగుబాటు మందులు మా అంతట మేం మొదలుపెట్టకూడదు. పెద్ద పిల్లలకైనా ముందు మాటలతో, ఇంటి, బడి మార్పులతో చూసి, అప్పటికీ తగ్గకపోతే స్పెషలిస్టును అడిగే ఇవ్వాలి. మాకు చేతనైన పని మిగతాది: వినడం, తల్లిదండ్రులకు చెప్పడం, టీచరుతో మాట్లాడటం, మళ్ళీ రమ్మనడం. మళ్ళీ రమ్మనడం అన్నిటికంటే ముఖ్యమని నా నమ్మకం. పీహెచ్‌సీకి పెద్ద ఆసుపత్రికి లేని వసతి అది. ఊరు పక్కనే ఉంది.

నాకు అన్నిటికంటే కష్టమైన క్లాసు ఆత్మహత్య ఆలోచనల గురించి అడగడం. మన ఇళ్ళలో చావు మాట ఎత్తితే "అపశకునం మాటలొద్దు" అంటారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని నా భయం. అడగడం వల్ల ఆలోచన పుట్టదని, ఉన్నది బయటికి చెప్పుకునే దారి దొరుకుతుందని మళ్ళీ మళ్ళీ చెప్పారు. చుట్టుతిప్పి కాకుండా సూటిగా అడగమన్నారు. మా ఫార్మసిస్టును ఎదురుగా కూర్చోబెట్టుకుని అభ్యాసం చేశాను. మొదటి నాలుగుసార్లు ఆ మాట నోరు దాటలేదు.

2023 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం. పదిహేడేళ్ళ అబ్బాయి తలనొప్పి అని వచ్చాడు. బీపీ చూశాను, కళ్ళు చూశాను. నిద్ర పడుతోందా అంటే లేదన్నాడు. బయట ఇంకా ముప్పై మంది ఉన్నారు. అడిగేశాను. "చచ్చిపోదామని ఎప్పుడైనా అనిపించిందా?" వాడు నా వైపు చూసి, "రెండుసార్లు అనిపించింది మేడం" అన్నాడు. అంతే మామూలుగా. ఎవరైనా అడుగుతారేమోనని కాచుకుని ఉన్నట్టు. మెంటార్‌కు ఫోన్ చేశాను, ఎత్తారు. ఆవిడ చెప్పినట్టే వాడి ఎదుటే తండ్రిని పిలిపించి మాట్లాడాను. పొలం మందులన్నీ ఆ సాయంత్రమే ఇంట్లోంచి తీయించి వేరేచోట తాళం వేయించాం. రాత్రి వాణ్ణి ఒంటరిగా వదలొద్దన్నాను. కడపలో సైకియాట్రిస్టుకు ఉత్తరం రాసిచ్చాను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 వాడి ఫోన్లో నేనే ఎక్కించాను. 2022 అక్టోబరులో మొదలైన ఈ సర్వీసు ఉచితం, ఏ వేళైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. "రేపు పొద్దున తొమ్మిదికి నా దగ్గరికి రావాలి" అన్నాను. ఎనిమిదిన్నరకే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

అన్నీ ఇలా కుదరలేదు. ఒక పిల్లాణ్ణి పరీక్ష చేయించండని మూడుసార్లు పంపితే, పనిరోజు పోతుందని తండ్రి తీసుకువెళ్ళలేదు. ఒకమ్మాయి విషయంలో పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. తర్వాత ఆ కుటుంబం ఊరు వదిలింది, ఆ పాప ఎలా ఉందో నాకు తెలియదు. చెప్పడం తప్పు కాదు, చెప్పాక ఆ పాపను విడవకుండా పట్టుకునే మనిషి లేకపోవడమే తప్పు. పిల్లల మానసిక వైద్య నిపుణులు కావాలంటే మా వాళ్ళు ఒక రోజంతా ప్రయాణం చేయాలి. వారంలో ఒక మధ్యాహ్నం పిల్లల కోసం వదిలేయడానికి నేను మీటింగులు, ఎంట్రీలు అటూ ఇటూ సర్దుకుంటున్నాను. అది నా సర్దుబాటుగా కాకుండా డ్యూటీ చార్టులో ఉండాలి. శిక్షణ ఇచ్చేవాళ్ళకు నేను చెప్పేదొకటే: రెండు రోజుల వర్క్‌షాపులకు పెట్టే డబ్బు, తర్వాత ఏడాది పాటు ఫోనెత్తే ఒక మనిషికి పెట్టండి. ఆ అబ్బాయి రోజున నాకు పనికొచ్చింది సర్టిఫికెట్ కాదు, రెండో రింగుకే ఎత్తిన ఫోను.

నేర్చుకున్నది ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు చెబుతున్నాను. ఆటిజం అనుమానానికి ఎం-చాట్ అని 20 ప్రశ్నల పట్టిక ఉంది, 16 నుంచి 30 నెలల పిల్లలకు. మొదటి ప్రశ్నే, గదిలో దూరంగా ఉన్నదాన్ని నువ్వు వేలితో చూపిస్తే బిడ్డ అటు చూస్తుందా అని. మా అంగన్‌వాడీ టీచర్ దాన్ని తల్లులకు ఇలా అడుగుతోంది: "అన్నం పెడతా చందమామను చూపిస్తే, చందమామ దిక్కు చూస్తాడా, నీ యేలు దిక్కు చూస్తాడా?" నేను ఇన్నేళ్ళు చదివి అంత తేలిగ్గా అడగలేకపోయాను.

ఆ పిల్లాడు, నేను చూద్దామన్నవాడు, ఇప్పుడు ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రానికి వెళ్తున్నాడు. మాటలు కొన్నే. కావలసినవి బొమ్మలు చూపించి అడుగుతాడు. వాళ్ళమ్మ కిందటి నెల కూతుర్ని ఎత్తుకొచ్చింది, పద్దెనిమిది నెలల పిల్ల. అన్నకు ఆటిజం ఉంటే చెల్లెలిని కూడా జాగ్రత్తగా చూడాలని నేనే పిలిపించాను. తలుపు దగ్గరగా వేసి, ఇరవై ప్రశ్నలూ ఒకటొకటిగా అడిగాను. ఆరో, ఏడో ప్రశ్న దగ్గర ఉండగా ఆ పిల్ల తల్లి ఒళ్ళోంచి చెయ్యెత్తి, పైన తిరుగుతున్న ఫ్యాన్ చూపించి, నేను చూశానో లేదో అని నా మొహంలోకి చూసింది. తల్లి ఆ చెయ్యి చూసింది. మిగిలిన ప్రశ్నలు కూడా వదలకుండా అడిగాను.